విడదీసి బిగించే టోర్సో మోడల్: ఏ వ్యవస్థకు ఎంత పనికొస్తుంది, ఎక్కడ తప్పు నేర్పుతుంది

ఎత్తు 85 సెంటీమీటర్లు. తల నుంచి తొడల మొదలు దాకా మొండెం, చేతులు ఉండవు, లోపల 20కి పైగా విడి భాగాలు. శరీర నిర్మాణం బోధించే గదుల్లో సాధారణంగా కనిపించే పీవీసీ టోర్సో మోడల్ ఇదే. పెట్టెల మీద పేర్లు వేరైనా లోపలి సరుకు చాలావరకు ఒకదానికొకటి దగ్గరి నకలే. అందుకని ఇక్కడ ఒక కంపెనీని పట్టుకోకుండా ఈ రకం మోడల్‌నే పరీక్షకు పెడుతున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. జీర్ణవ్యవస్థకు, విసర్జక వ్యవస్థకు ఇది మంచి సాధనం. శ్వాసకు సగమే. రక్తప్రసరణను దీంతో చెప్పాలంటే టీచరుకు ఒళ్లు దగ్గరుండాలి, లేకపోతే తప్పు నేర్పుతుంది. నాడీవ్యవస్థకు ఫరవాలేదు. హార్మోన్లు తయారుచేసే అంతస్స్రావ గ్రంథులు నామమాత్రం, శోషరస (లింఫ్) వ్యవస్థ దాదాపు సున్నా. ఒక్క మాటలో, అవయవం ఎక్కడుందో ఇది బాగా చూపిస్తుంది, ఏం చేస్తుందో మాత్రం చెప్పదు. ఆ రెండో సగం ఎలా పూరించుకోవాలో వ్యవస్థల వారీగా చూద్దాం.

సైజు గురించి ముందు రెండు మాటలు. 85 సెంటీమీటర్లంటే పెద్దవాళ్ల మొండేనికి దాదాపు నిజమైన కొలత. 42, 45 సెంటీమీటర్ల మోడళ్లు అందులో సగం. ఒక్కరే బల్ల మీద పెట్టుకుని చదువుకునేందుకు చిన్నది చాలు. కానీ అందులో గుండె ఐదారు సెంటీమీటర్లకు మించదు, గదులు తెరిచి చూపినా రెండో వరుసలో ఉన్నవాళ్లకు కనపడదు. తరగతికైతే 85 తప్ప వేరేది వద్దు.

ఇక 'భాగాల సంఖ్య'. ఈ అంకె కొనేవాళ్లను బోల్తా కొట్టిస్తుంది. మొండేన్ని ఒక భాగంగా, రెండు ముక్కల గుండెను రెండు భాగాలుగా, రెండు ముక్కల జీర్ణాశయాన్ని మరో రెండుగా లెక్కేస్తారు. మెదడును ఎనిమిది ముక్కలు చేసి సంఖ్య పెంచిన మోడల్లో మూత్రపిండం అసలు తెరుచుకోకపోవచ్చు. అడగాల్సింది ఎన్ని భాగాలని కాదు, ఏవేవి తెరుచుకుంటాయని. గుండె నాలుగు గదులూ కనిపించేలా తెరుచుకోవాలి. ఒక మూత్రపిండం నిలువుకోత చూపాలి. జీర్ణాశయం లోపలి ముడతలు కనపడాలి. చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట చిన్న మూత ఉండి తెరుచుకోవాలి. ఈ నాలుగూ ఉంటే మిగతావి ఎన్నున్నా, లేకపోయినా పెద్ద తేడా లేదు.

రొమ్ములోపల

పెట్టె విప్పగానే ముందు చూడాల్సింది ఊపిరితిత్తులు. కుడిదానికి మూడు తమ్మెలు (గీతలతో విడిపోయే భాగాలు), ఎడమదానికి రెండు. ఎడమ ఊపిరితిత్తి ముందు అంచులో గుండెకు చోటిచ్చే నొక్కు ఉండాలి. ఎడమలోనూ మూడు గీతలు గీసిన మోడల్ వస్తే అచ్చు చేసినవాళ్లకు విషయం తెలియదనే అర్థం. మిగతా అవయవాల మీద కూడా నమ్మకం పెట్టుకోనక్కర్లేదు, అక్కడే తిప్పి పంపేయవచ్చు.

తర్వాత వాయునాళం. ముందు నుంచి చూస్తే అన్ని మోడళ్లూ బాగానే ఉంటాయి, తిప్పి వెనుక చూడండి. మృదులాస్థి వలయాలు పూర్తి గుండ్రంగా ఉండవు, వెనుకవైపు తెరుచుకుని ఉంటాయి. ఆ ఖాళీలో మెత్తని కండరం ఉంటుంది, దాని వెనకే ఆహారవాహిక. ముద్ద మింగినప్పుడు ఆహారవాహిక ఉబ్బడానికి ఈ ఏర్పాటు అడ్డు రాదు. వెనుక చదునుగా ఉంటే మోడల్ సరైనది, గొట్టం చుట్టూ వలయాలు తిరిగి ఉంటే కాదు. కింద రెండుగా చీలేచోట కుడి శ్వాసనాళం ఎడమదానికంటే వెడల్పుగా, పొట్టిగా, నిటారుగా ఉండాలి. పొరపాటున గొంతులోకి జారిన గింజ ఎక్కువగా కుడి ఊపిరితిత్తిలోనే ఎందుకు దొరుకుతుందో వేలు పెట్టి చూపించవచ్చు. మోడల్ నిర్మాణంతో పాటు పనిని కూడా చెప్పే అరుదైన చోట్లలో ఇదొకటి.

శ్వాస ఎలా జరుగుతుందన్న దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. డయాఫ్రమ్ ఇందులో కదలని పలక. కొన్నింటిలో విడి భాగంగా కూడా ఉండదు, మొండేనికే అతికించి ఉంటుంది. అసలు డయాఫ్రమ్ బోర్లించిన గిన్నెలా పైకి ఉబ్బి ఉండే కండరం. అది ముడుచుకున్నప్పుడు చదునై కిందికి దిగుతుంది, రొమ్ము గది పెరుగుతుంది, లోపలి పీడనం తగ్గుతుంది, గాలి లోపలికి వస్తుంది. విశ్రాంతిలో ఒక్కో శ్వాసకు సుమారు 500 మిల్లీలీటర్లు, నిమిషానికి 12 నుంచి 16 సార్లు.

దీనికి పక్కన పెట్టుకోవాల్సింది సీసా మోడల్. లీటరు ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, మూతకు రంధ్రం చేసి, వై ఆకారపు గొట్టం దూర్చి, దాని రెండు చివర్లకు చిన్న బెలూన్లు కట్టాలి. కోసిన అడుగుకు పెద్ద బెలూన్ సగం బిగించాలి. ఆ రబ్బరును కిందికి లాగితే లోపలి బెలూన్లు ఉబ్బుతాయి. ఉబ్బకపోతే తప్పు నూటికి తొంభై పాళ్లు మూత దగ్గరే: గొట్టం చుట్టూ గాలి కారుతోంది, మైనంతో మూసేయండి. ఈ సీసాకూ రెండు లోపాలున్నాయి, అవి పిల్లలకు చెప్పి తీరాలి. బెలూన్లకూ సీసా గోడకూ మధ్య ఉన్నంత ఖాళీ శరీరంలో ఉండదు. ఊపిరితిత్తులు గోడను అంటిపెట్టుకుని ఉంటాయి, మధ్యలో పలుచని ద్రవపు పొర మాత్రమే. రెండోది, సీసాలో రబ్బరు చదును నుంచి కిందికి సాగుతుంది, శరీరంలో డయాఫ్రమ్ ఉబ్బు నుంచి చదునుకు వస్తుంది.

గుండె: ఎక్కువ జాగ్రత్త ఇక్కడే

గుండె రొమ్ము మధ్యలో నిటారుగా నిలబడి ఉండకూడదు. మూడింట రెండు వంతులు మధ్యగీతకు ఎడమవైపుకు, కొన కిందికి, ఎడమకు, కాస్త ముందుకు తిరిగి ఉండాలి. ఐదో, ఆరో పక్కటెముకల మధ్య సందులో, ఎడమ మెడఎముక నడిమి నుంచి కిందికి గీత గీస్తే దాదాపు ఆ గీత మీదికి కొన రావాలి. ముందునుంచి కనిపించే భాగంలో ఎక్కువ కుడి జఠరికదే, అంటే కుడివైపు కింది గదిదే. చవక అచ్చుల్లో ఈ వాలు పోయి, కుడి ఎడమ గదులు పక్కపక్కన సమానంగా కనిపిస్తాయి. పుస్తకంలో గీసిన బొమ్మకు అది దగ్గరే, శరీరానికి కాదు.

తెరిచాక గోడల మందం చూడండి. ఎడమ జఠరిక గోడ కుడిదానికి సుమారు మూడు రెట్లు ఉండాలి. కారణం సూటిగా చెప్పవచ్చు. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు మాత్రమే రక్తం పంపాలి, దానికి 25 మిల్లీమీటర్ల పాదరసం పీడనం చాలు. ఎడమది తల నుంచి కాలి వేలి దాకా పంపాలి, దానికి 120 కావాలి. రెండు గోడలూ ఒకే మందంతో ఉన్న గుండె చేతికొస్తే ఈ పాఠం చెప్పడానికి దారే లేదు. కవాటాల మాటకొస్తే, నిజ పరిమాణపు గుండెలో అవి చాలావరకు రంగు వేసిన గట్లు మాత్రమే. కవాటపు రెక్కలు వెనక్కి తిరగబడకుండా పట్టుకునే సన్నని తాళ్లు కనపడాలంటే రెండింతల పరిమాణంలో విడి గుండె మోడల్ ఒకటి కొనక తప్పదు. టోర్సోకు తోడుగా ఒక్కటే కొనగలిగితే అదే కొనండి.

ఇక రంగులు. ధమనులు ఎరుపు, సిరలు నీలం అన్న ఆనవాయితీని గుడ్డిగా పాటించి, ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనికి కూడా ఎరుపు పూసిన మోడళ్లు ఉంటాయి. అది పెద్ద తప్పు. పుపుస ధమని తీసుకెళ్లేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం, కాబట్టి నీలం. అక్కడి నుంచి తిరిగొచ్చే నాలుగు పుపుస సిరలు ఎరుపు. గుండె నుంచి బయటికి వెళ్లేది ధమని, లోపలికి వచ్చేది సిర. రంగు పేరును బట్టి కాదు, లోపలి రక్తాన్ని బట్టి. రక్తం ఎక్కడా నీలంగా ఉండదని, ఆక్సిజన్ తగ్గితే ముదురు ఎరుపవుతుందని కూడా ఇక్కడే చెప్పేయాలి. మోడల్ చూసి నీలం రక్తం ఉంటుందనుకునేవాళ్లు పెద్దవాళ్లలోనూ తక్కువేం లేరు.

మోడల్ మంచిదో కాదో తేల్చే తేలిక పరీక్ష ఒకటుంది. వేలితో దారి పట్టండి: మహాసిరలు, కుడి కర్ణిక (పై గది), కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తి, పుపుస సిరలు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని. చాలా మోడళ్లలో వేలు ఊపిరితిత్తి దగ్గర ఆగిపోతుంది. గుండె నుంచి వచ్చిన గొట్టం మొండిగా ముగుస్తుంది, ఊపిరితిత్తి వైపు దానికి జత ఉండదు. జత ఉన్న మోడల్ దొరికితే కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. బృహద్ధమని వంపు మీద మూడు కొమ్మలు విడివిడిగా మొలవాలి, ఆ వంపు ఎడమకు తిరిగి వెన్నెముక ముందునుంచి కిందికి దిగాలి.

పరిమాణాలు నోటితో చెప్పాల్సిందే. విశ్రాంతిలో ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 స్పందనలు, అంటే దాదాపు ఐదు లీటర్లు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే రక్తమూ సుమారు ఐదు లీటర్లే. ఉన్న రక్తమంతటికీ సరిపడా మొత్తం నిమిషానికోసారి గుండె దాటుతుందన్నమాట. రక్తకేశనాళికలు మోడల్లో ఎక్కడా ఉండవు. అసలు మార్పిడి జరిగేది అక్కడే కాబట్టి, ఈ వ్యవస్థలో ముఖ్యమైన చోటే ఖాళీ.

పొట్టలోపల

డబ్బుకు తగ్గ విలువ దొరికేది ఇక్కడే. కాలేయాన్ని బయటికి తీసి తిప్పితే అడుగున ఆకుపచ్చ పిత్తాశయం కనపడాలి. శరీరంలో కాలేయం సుమారు కిలోన్నర బరువు, పిత్తాశయం 30 నుంచి 50 మిల్లీలీటర్ల పైత్యరసం పట్టేంత సంచి. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో, పిత్తాశయం దాన్ని నిల్వచేసి చిక్కబరుస్తుంది. ఈ రెండు పనులూ కలగాపులగం చేసేవాళ్లే ఎక్కువ, చేతిలో పెట్టి చూపిస్తే ఇక మరిచిపోరు.

జీర్ణాశయం తీశాక వెనుక గోడకు అంటుకుని కనిపించేది ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం), క్లోమం, ప్లీహం కలిసిన పలక. ఇది ఊడి చేతికి రాకపోవడం లోపం కాదు, క్లోమం నిజంగానే పొట్ట వెనుక గోడకు అతుక్కుని జీర్ణాశయం వెనుక దాగి ఉంటుంది. చూడాల్సిందేమిటంటే, ఆంత్రమూలం తెరిచిన వలయంలా వంగి క్లోమం తలను చుట్టుకుని ఉందా, క్లోమం తోక ఎడమకు సాగి ప్లీహాన్ని తాకుతోందా. పైత్యరస నాళం, క్లోమనాళం రెండూ ఆంత్రమూలంలో కిందికి దిగే రెండో భాగంలో ఒకే చోట తెరుచుకుంటాయి. పిత్తాశయపు రాయి ఒకటి జారి ఆ ద్వారం దగ్గర ఇరుక్కుంటే కామెర్లూ, క్లోమం వాపూ రెండూ రాగలవు. ఎందుకో వివరించడానికి ఈ పలక చాలు.

చిన్నపేగు విషయంలో మోడల్ రాజీ పడుతుంది. ఆరు మీటర్ల పేగును ఒకే ముద్దగా అచ్చుపోస్తారు, పైపై మడతలే కనిపిస్తాయి, మొదలు పట్టుకుని చివరి దాకా వెళ్లడం కుదరదు. దీనికి మంచి తోడు సుమారు రెండున్నర సెంటీమీటర్ల మందం తాడు ఆరు మీటర్లు. దాని పక్కన ఆరేడు సెంటీమీటర్ల వెడల్పు గుడ్డ గొట్టం మీటరున్నర పెడితే పెద్దపేగు. చిన్నది, పెద్దది అన్న పేర్లు వెడల్పును బట్టి వచ్చాయి తప్ప పొడవును బట్టి కాదని వేరే చెప్పనక్కర్లేదు.

పేగులను వీపు గోడకు కట్టి ఉంచే మీసెంటరీ పొర మోడల్లో ఉండదు. రక్తనాళాలు, నాడులు పేగుకు చేరేది దాని గుండానే. అది లేకపోవడంతో చూసేవాళ్లు పేగులు పొట్టలో వదులుగా కుక్కి ఉంటాయనుకుంటారు. ఇంతకంటే పెద్ద లోటు నిర్వాహక సిర. పేగుల్లో పీల్చుకున్న పోషకాలతో నిండిన రక్తం నేరుగా గుండెకు పోదు, ముందు ఈ సిర గుండా కాలేయానికి వెళ్లి, అక్కడ వడపోత, నిల్వ, విషాల విరుపు అయ్యాకే మహాసిరలో కలుస్తుంది. మింగిన మందు ఎంతో కొంత కాలేయంలోనే ఖర్చైపోవడానికి కారణం ఇదే. కాలేయం అడుగున మూడు మొండి గొట్టాలు ఉంటే వాటిలో ఒకటి ఈ సిరకు చెందింది. లేకపోతే నీలం దారం ఒకటి పేగు నుంచి కాలేయం దాకా కట్టి చూపించండి. టేపు మాత్రం అంటించవద్దు, తీసేటప్పుడు రంగు పొరతో సహా వస్తుంది.

పెద్దపేగు కుడి కింద మొదలై పైకి, అడ్డంగా, ఎడమ కిందికి తిరుగుతుంది. మొదట్లోనే మూత తెరిస్తే చిన్నపేగు కలిసేచోటి కవాటం, దాని కింద ఉండుకం. నాసిరకం మోడళ్లలో ఉండుకం ఒక బొడిపె మాత్రమే, అసలుది చాలామందిలో వేలంత పొడవుంటుంది. ఇక్కడ తరగతి గదుల్లో తరచూ జరిగే గందరగోళం ఒకటుంది. మోడల్ కుడి మనకు ఎడమవైపు ఉంటుంది. దాని కుడి భుజానికి 'కుడి' అని రాసిన చీటీ దారంతో వేలాడదీస్తే సగం సందేహాలు తీరతాయి.

మూత్రపిండాలు, మూత్రాశయం

కుడి మూత్రపిండం ఎడమదానికంటే కాస్త కిందికి ఉండాలి, పైన కాలేయం ఉంది కాబట్టి. రెండూ ఒకే ఎత్తులో ఉంటే అచ్చు తప్పు. ఒక్కోటి సుమారు 11 సెంటీమీటర్లు. ఎడమ మూత్రపిండం నుంచి వచ్చే సిర కుడిదానికంటే పొడవుగా ఉండి, బృహద్ధమని ముందునుంచి దాటి మహాసిరలో కలవాలి. ఈ దాటు సరిగ్గా ఉంటే ఆ మోడల్ చేసినవాళ్లు శ్రద్ధ పెట్టారని నమ్మవచ్చు.

మూత్రనాళాలు మూత్రాశయం నెత్తిన తెరుచుకున్నట్టు చూపితే ఒప్పుకోవద్దు. అవి వెనుక, కింది భాగంలో, గోడ గుండా ఏటవాలుగా దూరతాయి. మూత్రాశయం నిండి గోడ బిగుసుకున్నప్పుడు ఆ ఏటవాలు దారి దానంతటదే నొక్కుకుపోయి, మూత్రం వెనక్కి మళ్లదు. ఆ దారి తిన్నగా ఉండి మూత్రం వెనక్కి పోయే పిల్లల్లో మూత్రపిండాలకు ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది.

నిలువుకోతలో వల్కలం (బయటి పొర), దవ్వ (లోపలి పొర), మధ్యలో ద్రోణి (మూత్రం చేరే గిన్నె) స్పష్టంగా వేర్వేరు రంగుల్లో ఉండాలి. రక్తాన్ని వడకట్టే సూక్ష్మ గొట్టం నెఫ్రాన్ కనపడదు, ఒక్కో మూత్రపిండంలో అవి సుమారు 10 లక్షలు. రోజుకు దాదాపు 180 లీటర్లు వడకట్టి, అందులో 99 శాతం వెనక్కి పీల్చుకుని, లీటరున్నర మాత్రం బయటికి పంపుతాయని చెప్పాలంటే నెఫ్రాన్ చార్టు గోడకు ఉండాల్సిందే. మూత్రపిండం పని మురికి పారబోయడమే అని అనుకునేవాళ్లకు ఈ 180, ఒకటిన్నర అంకెలు చూపిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

స్త్రీ, పురుష భాగాలు మార్చుకునే పలకలు రెండు వస్తాయి. స్త్రీ పలకలో గర్భాశయం మూత్రాశయం మీదికి ముందుకు వాలి, వెనుక పురీషనాళం ఉండాలి. పురుష పలకలో పౌరుష గ్రంథి (ప్రోస్టేట్) మూత్రాశయం కింద మూత్రమార్గం మొదలును చుట్టుకుని ఉండాలి. వయసు మళ్లాక అది ఉబ్బితే ధార ఎందుకు సన్నబడుతుందో ఒక్క చూపులో అర్థమవుతుంది. మూత్రమార్గం పురుషుల్లో సుమారు 20 సెంటీమీటర్లు, స్త్రీలలో 4. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు స్త్రీలలో ఎక్కువ రావడానికి ఒక ముఖ్య కారణం ఈ పలకలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. మోడల్లో అన్నిటికంటే ముందు వదులయ్యేది కూడా ఈ పలకే, మార్చినప్పుడల్లా దాని మేకులు అరుగుతాయి.

మిగతా వ్యవస్థలు

మెదడు సగం తెరుచుకుంటుంది. మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం మూడూ విడివిడిగా తెలిస్తే చాలు, అంతకుమించి ఈ పరిమాణంలో ఆశించకూడదు. వీపు తెరిచిన మోడల్ దొరికితే వెన్నుపాము చూడండి. పెద్దవాళ్లలో అది మొదటి, రెండో నడుం పూసల దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి కిందికి నాడీమూలాల కట్ట మాత్రమే. నడుం నుంచి ద్రవం తీసేటప్పుడు సూదిని మూడో నాలుగో పూసల మధ్య గుచ్చేది అందుకే. వెన్నుపామును తోక ఎముక దాకా లాగిన మోడళ్లు ఈ భద్రతా సూత్రాన్నే చెరిపేస్తాయి.

అంతస్స్రావ గ్రంథుల్లో థైరాయిడ్ కనిపిస్తుంది, మూత్రపిండాల మీద అధివృక్క గ్రంథులు పసుపు టోపీల్లా ఉంటాయి, మెదడు కింద పీయూష గ్రంథి చుక్కంత. పారాథైరాయిడ్లు ఉండవు. హార్మోన్ అంటే రక్తంలో ప్రయాణించే సందేశం, దాన్ని ప్లాస్టిక్ చూపించలేదు. శోషరస వ్యవస్థలో ప్లీహం ఒక్కటే మిగిలింది, గ్రంథులు లేవు, నాళాలు లేవు. కండరాలకు మెడ, ముఖం ఒక పక్క చర్మం తీసిన చోటే దిక్కు. ఈ మూడింటికీ చార్టులు వాడండి, మోడల్ మీద నిందలు వేసి లాభం లేదు.

విప్పే వరుస, విరిగే చోట్లు

విరిగిపోయే మేకుల్లో ఎక్కువ భాగం తప్పుడు వరుస వల్లే. ముందు రొమ్ము పలక ఉంటే అది, తర్వాత ఊపిరితిత్తులు, గుండె. ఆ తర్వాత కాలేయం, దాని ఎడమ తమ్మె జీర్ణాశయం ముందుకు వస్తుంది కాబట్టి జీర్ణాశయాన్ని ముందే లాగితే కాలేయం మేకు మీద భారం పడుతుంది. ఆ పైన జీర్ణాశయం, పేగుల ముద్ద, మూత్రపిండం ముందు సగం, చివరగా స్త్రీ, పురుష భాగాలుండే కటి పలక. బిగించేటప్పుడు సరిగ్గా తలకిందులు. ఏ భాగమైనా చివరి అర సెంటీమీటరు దగ్గర ఆగితే నొక్కకండి. కింద ఏదో సరిగ్గా కూర్చోలేదు, చాలాసార్లు పేగుల ముద్ద.

ముందు పోయేవి కనుగుడ్డు, మూత్రపిండం సగం, పెద్దపేగు మూత. మూడూ చిన్నవి, జేబులోకి పోయేంతవి. విప్పిన ప్రతిసారీ ఒకే పళ్లెంలో పెట్టించి, బిగించాక లెక్క చూడటం తప్ప వేరే మందు లేదు. పట్టుకునేది మేకులా, అయస్కాంతాలా అని అడిగితే, ఎక్కువ వాడకానికి అయస్కాంతాలే నయం. మేకు రంధ్రాలు కాలక్రమంలో వెడల్పై భాగం వేలాడుతుంది. ఇనుప కొక్కేలున్నవి తేమకు తుప్పు పట్టి పీవీసీ మీద మరక వేస్తాయి, ఆ మరక పోదు.

ప్లాస్టిక్ మేకు విరిగితే త్వరగా అంటుకునే జిగురు వాడకండి. మెత్తని పీవీసీ వంగినప్పుడు ఆ అతుకు పెళుసై మళ్లీ ఊడుతుంది. విరిగిన మొదలును చదునుగా కోసి, 3 మిల్లీమీటర్ల రంధ్రం 10 మిల్లీమీటర్ల లోతు చేసి, 20 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ ముక్కను ఎపాక్సీతో నిలపాలి. సగం లోపల, సగం బయట. 24 గంటలు కదపకుండా వదిలేస్తే పాత మేకు కంటే గట్టిగా ఉంటుంది. ఎదుటి రంధ్రం 3 మిల్లీమీటర్ల కంటే వెడల్పుంటే కడ్డీ మీద సన్నని రబ్బరు గొట్టం తొడగండి.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా తేలిక సబ్బు, మెత్తని గుడ్డ. థిన్నర్, అసిటోన్, స్పిరిట్ పనికిరావు, రంగు కరిగిపోతుంది. పెన్ను సిరా, మార్కర్ పీవీసీలోకి ఇంకి పాకుతుంది, తర్వాత ఏం పెట్టి రుద్దినా రాదు. అందుకే భాగాల మీద పేర్లు రాయడం మానుకోవాలి. అచ్చు వేసిన కాగితంలో చుట్టి దాచినా అంతే, అక్షరాలు కాలేయం మీదికి ఎక్కుతాయి. తెల్లని నూలుగుడ్డలో చుట్టండి. ఎండలో నిలిపిన వాహనంలో వదిలేస్తే పలుచని అంచులు మెత్తబడి వంగుతాయి. వంగిన భాగాన్ని వేడి నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, సరైన ఆకారంలో పట్టుకుని చన్నీళ్లలో ముంచితే చాలావరకు సరవుతుంది. మరిగే నీళ్లు మాత్రం వద్దు, రంగు పెచ్చులూడుతుంది.

వెంట వచ్చే పుస్తకం మీద ఆశలు తగ్గించుకోండి. భాగం మీది అంకెకూ పట్టికలోని అంకెకూ పొంతన లేకపోవడం కద్దు. మొదటి రోజే ఒకరు అంకె చదవాలి, ఇంకొకరు అవయవం చూసి పేరు చెప్పాలి, తేడాలు సరిదిద్దిన పట్టికను వేరే కాగితం మీద రాసి పెట్టె మూతకు లోపలివైపు అంటించాలి.

కొనేముందు అమ్మేవాళ్లను అడగాల్సిన చివరి ప్రశ్న విడి భాగాల గురించి. పోయిన కనుగుడ్డు, విరిగిన మూత్రపిండం సగం విడిగా అమ్ముతారా? విడిగా అమ్మబోమని వాళ్లంటే, గుండె సరిగ్గా తెరుచుకునేదైనా సరే, తరగతిలో వాడేందుకు ఆ మోడల్ తీసుకోవద్దు. విడి భాగాలు దొరికేదైతే, కనుగుడ్డు, మూత్రపిండం సగం, పెద్దపేగు మూత మూడింటికీ ఒక్కో జత మోడల్‌తో పాటే తెప్పించేయండి.